తప్పు నాదే, కారణం అడక్కండి

యూనివర్సిటీ డిజిటల్ లైబ్రరీలో పాత థీసిస్ కోసం నొక్కితే తెర మీద 500 అని వస్తుంది. మార్కులనుకుని సంబరపడకండి, అది ఇంటర్నల్ సర్వర్ ఎర్రర్. వెబ్ లెక్కలో 4తో మొదలయ్యే మూడంకెల కోడ్‌లు అడిగినవాడి తప్పు, 5తో మొదలయ్యేవి సర్వర్ తప్పు. అంటే మన ఉన్నత విద్యలో "తప్పు నాదే" అని బహిరంగంగా ఒప్పుకుంటున్న ఏకైక ఉద్యోగి, మూలగదిలో ఏసీ లేకుండా మగ్గుతున్న ఆ డబ్బా. దానికి ప్రమోషన్ రాకపోవడంలో వింతేముంది?

ఆ డబ్బాలో ఉన్నది థీసిస్‌లు దాచే డీస్పేస్ అనే సాఫ్ట్‌వేర్. ఎంఐటీ గ్రంథాలయాలు, హెచ్‌పీ ల్యాబ్స్ కలిసి తయారుచేసి 2002లో లోకానికి ఊరికే ఇచ్చేశాయి. ఊరికే వచ్చింది గనక మనవాళ్లు పెట్టుకున్నారు. ఊరికే వచ్చినదాన్ని చూసుకునే మనిషికి మాత్రం జీతమెందుకన్నారు. దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లను మోస్తున్న శోధ్‌గంగా నడిచేదీ దీనిమీదే కాబట్టి, నేరం సాఫ్ట్‌వేర్ నెత్తిన రుద్దడానికి లేదు.

పోనీ, అది కారణం దాస్తుందా అంటే అదీ లేదు. లాగ్ ఫైల్లో పూసగుచ్చినట్టు రాసి పెడుతుంది. కాకపోతే డీస్పేస్‌ను రాసిన జావా భాష చెప్పే తీరు మన సచివాలయం ఫైలు నడిచే తీరే. పైవాడు కిందివాడి మీద తోస్తాడు, వాడు ఇంకా కిందివాడి మీద. "కాజ్డ్ బై", "కాజ్డ్ బై" అంటూ వంద వరుసలు దిగితే, చిట్టచివరి "కాజ్డ్ బై" దగ్గర అసలు ముద్దాయి చిక్కుతాడు. చాలాసార్లు వాడి వాంగ్మూలం ఒక్క ముక్క: డిస్కులో జాగా లేదు. జాగా తినేసింది ఎవరయ్యా అంటే, ఎవరూ చదవని ఆ లాగ్ ఫైళ్లే!

చదివితే ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుందని మనవాళ్లకు తెలుసు. అందుకే వేరే వైద్యం ఉంది.

"రీస్టార్ట్ చేశావా నాయనా?"

"రెండుసార్లు చేశాను సార్."

"మూడోసారి కూడా చెయ్యి."

నాయనంటే కాంట్రాక్టు కుర్రాడు. వాడు సర్వాధికారాలున్న రూట్ లాగిన్‌తో, డీస్పేస్‌ను నడిపే టామ్‌క్యాట్‌ను లేపుతాడు. అది రాసిన ఫైళ్లన్నీ రూట్ పేరున పడతాయి. మర్నాడు టామ్‌క్యాట్ తన సొంత పేరుతో లేస్తే, నిన్న తను రాసిన ఫైళ్లనే తనను ముట్టుకోనివ్వరు. పర్మిషన్ డినైడ్. మళ్లీ 500. అప్పుడు కుర్రాడు గూగుల్లో వెతికి ఫోల్డర్లన్నిటికీ 777 కొడతాడు, అంటే ఎవరైనా ఏమైనా చేసుకోవచ్చని అనుమతి. యజమాని పేరు మార్చే కమాండ్ ఒక్క వరుసే, కానీ తలుపులన్నీ బార్లా తెరిస్తే ఇక తాళంచెవి ఎవరిదన్న గొడవే ఉండదు కదా!

ఎర్రర్ రాని రోజుల్లో ఇంకో ముచ్చట. ప్రతి థీసిస్‌కూ హ్యాండిల్ అని ఒక శాశ్వత చిరునామా ఇస్తారు. అది నిజంగా పనిచెయ్యాలంటే సంస్థ తన సొంత నంబరు నమోదు చేయించుకోవాలి. అందాకా ఉండనివ్వమని డీస్పేస్ 123456789 అని ఒక ఉత్తుత్తి నంబరు పెట్టి ఇచ్చింది. ఎన్నో సంస్థలు దాన్నే ఉంచేసుకున్నాయి. అయిదేళ్లు చెమటోడ్చి పట్టా తెచ్చుకున్న అమ్మాయి పరిశోధనకు లోకంలో ఉన్న శాశ్వత చిరునామా, ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు. గైడుగారు ఆ లింకునే తన బయోడేటాలో కూడా వేసుకున్నారు.

తనిఖీ బృందం వస్తోందంటే మాత్రం కదలిక వస్తుంది. సర్వర్‌లో కాదు, ఫ్లెక్సీ షాపులో. ఎప్పుడో బాగున్న రోజున తీసిన స్క్రీన్‌షాట్‌ను ఆరడుగుల బ్యానర్ చేయించి గుమ్మంలో కడతారు. ఈసారి బృందంలో ఒక పెద్దాయన కళ్లజోడు సవరించుకుని, "ఏదీ, ఒక్క థీసిస్ తెరిచి చూపించండి" అన్నారట.

"నెట్ కాస్త స్లోగా ఉంది సార్. భోజనాలు వడ్డించేశారు, చల్లారిపోతాయి, రండి."