సెక్షన్ల పండితుడు

మా పెద్దబాపు జిల్లా పరిషత్ బడిలో తెలుగు పండితుడిగా రిటైరయ్యాడు. సర్వీసున్నన్ని రోజులూ లెక్కలకూ ఆయనకూ పడలేదు. పరీక్ష పేపర్ల మార్కులు కూడా లెక్కల సారుతో కూడించుకునేవాడని అప్పటి పిల్లలు ఇప్పటికీ నవ్వుతారు. అటువంటి మనిషి ఇవాళ భువనగిరిలో తెలిసిన పెన్షనర్లందరికీ ఇన్‌కమ్ ట్యాక్స్ గురువు. ఫీజు లేదు. ఫీజన్నా ఉంటే జనం తొందరగా లేచి పోయేవాళ్లు.

ఇటువంటి పెద్దమనిషి మీ ఊళ్లోనూ ఒకరుంటారు. జేబులో రెండు పెన్నులు, చంకలో రబ్బరు బ్యాండు వేసిన ఫైలు, అందులో తనవే కాక పదిమంది ఫారం 16లు. పెద్ద చెరువు కట్ట మీద పొద్దున వాకింగుకు పోతే ఎదురైన వాళ్లను "బాగున్నవా" అని అడగడు. "ఓల్డా, న్యూవా?" అంటాడు. షుగరు గురించి మాట్లాడుకుందామని వచ్చినవాడు పాత, కొత్త ట్యాక్స్ విధానాల స్లాబుల గురించి విని పోతాడు.

కొత్తగా రిటైరైన సర్కారు నౌకరు ఎవరైనా వచ్చి "సార్, వచ్చిన పైసల మీద ట్యాక్స్ పడ్తదా?" అంటే దానికి జవాబు ఒక్క ముక్క: పడదు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్, సెలవుల నగదు, జీపీఎఫ్, అన్నిటికీ పూర్తి మినహాయింపే. కానీ ఒక్క ముక్కలో చెప్తే పండితుడెట్లా అవుతాడు? కండ్లు మూసుకుని "పది పది, పది పది ఏ, పది పది ఏఏ" అని సెక్షన్లను ఉత్పలమాలలా ఎత్తుకుంటాడు. తర్వాత ప్రైవేటు వాళ్ల మీద జాలి పడతాడు: గ్రాట్యుటీ 20 లక్షల దాకే, సెలవుల నగదు 25 లక్షల దాకే, అదీ 2023కు ముందు 3 లక్షలే. ఆ తర్వాత 40 శాతం పెన్షన్ అమ్ముకుంటే అది పదిహేనేండ్లకు మళ్లీ ఎట్లా కలుస్తుందో చెప్తాడు. చివరికి అసలు సంగతి: నెలనెలా వచ్చే పెన్షన్ మాత్రం చట్టం దృష్టిలో జీతమే, ట్యాక్స్ లెక్కకు వస్తుంది. అప్పటికి చాయ్ రెండోసారి వచ్చి ఉంటుంది.

పెన్షన్ ఇచ్చేది హైదరాబాదు, ట్యాక్స్ తీసుకునేది ఢిల్లీ అన్నది ఆయనకు ఇష్టమైన ఫిర్యాదు. "జీతం మీద రాష్ట్రానికి ఉన్నది వృత్తి పన్నొక్కటే. రాజ్యాంగమే దానికి ఏడాదికి 2,500 హద్దు పెట్టింది. వృత్తే లేనోనికి అదీ లేదు" అంటాడు. డాలస్‌లో ఉన్న పాత శిష్యుడు ఫోన్ చేసినా వదలడు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్నే లేదని, కాలిఫోర్నియా పెన్షన్ల మీద వేస్తుందని, 1996 నుంచి ఏ రాష్ట్రమూ తన దగ్గర కాపురం లేనివాళ్ల పెన్షన్ మీద పన్ను వేయకూడదని అక్కడ చట్టముందని ఆ పిల్లగానికే పాఠం చెప్తాడు.

మా చెల్లె పెండ్లిలో అప్పగింతలప్పుడు అందరం ఏడుస్తుంటే, కొత్త వియ్యంకుణ్ని పక్కకు పిలిచి "డీఏ ఏరియర్స్ వచ్చినయట గద, 10ఈ ఫారం వేసిండ్రా?" అని అడిగాడు. ఆ ఫారం రిటర్నుకు ముందే వేయాలన్నది నిజమే. కానీ పిల్ల కారెక్కక ముందే వేయాలని ఏ సెక్షన్‌లోనూ లేదు.

2025 బడ్జెట్ వచ్చి ఆయన దుకాణం మూయించినంత పని చేసింది. కొత్త విధానంలో 12 లక్షల దాకా ట్యాక్స్ లేదు, పెన్షనర్‌కు స్టాండర్డ్ డిడక్షన్ 75,000 కలిపితే 12.75 లక్షలు. ఆయన దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందిది సున్నా. ఆయన ఒప్పుకోడు. "సున్నా కాదు బిడ్డా, 12 లక్షల మీద 60,000 పడ్తది, ఆ 60,000 మాఫీ చేస్తరు. నాలుగు లక్షలు దాటినోడు రిటర్ను వెయ్యాల్సిందే." సున్నా రావడానికి మూడు పేజీలు రాస్తాడు.

అయినా ఆయన్ను పూర్తిగా కోప్పడలేను. ఒకసారి చనిపోయిన అటెండరు భార్య ప్లాస్టిక్ కవరులో పాసుబుక్కు పట్టుకుని వచ్చింది. డిపాజిట్ వడ్డీలో బ్యాంకు పైసలు కోసుకుంది. పెద్దబాపు మొదలుపెట్టాడు: "అన్నకొచ్చినన్ని రోజులు అది జీతం కింద లెక్క చెల్లె. నీకొచ్చే ఫ్యామిలీ పెన్షన్ ఇతర ఆదాయం."

"పైసలు అవే గద సారూ?"

"అన్న సర్కారుకు నౌకరు. నువ్వు కాదు గద."

"ఆయనకు నేను చేసిన నౌకరీ లెక్కకు రాదా?"

పెద్దబాపుకు జవాబిచ్చే సెక్షన్ దొరకక నోరు మూతపడటం నేను చూసింది అప్పుడే. గొంతు సవరించుకుని, అందులో మూడో వంతు గానీ 25,000 గానీ ఏది తక్కువైతే అది మినహాయింపని చెప్పి, కోసిన పైసలకు రిటర్ను వేయించి, మళ్లీ కోయకుండా 15హెచ్ నింపి ఇచ్చాడు. రీఫండు పడ్డాక ఆమె సకినాలు తెచ్చింది. అందులో సగం నేనే తిన్నాను.

ఇప్పుడాయనకు పెద్ద దుఃఖం వచ్చిపడింది. 1961 చట్టం పోయి, 2026 ఏప్రిల్ 1 నుంచి 536 సెక్షన్ల కొత్త చట్టం. ఆ 60,000 మాఫీ చేసే 87ఏ పోయి 156 అయింది. పది పది, పది పది ఏ అన్నీ 19వ సెక్షన్ పట్టికలో సర్దుకున్నాయి. పద్యం నోటికొచ్చాక కవి పాదాలు మార్చాడని ఆయన మండిపాటు. మండిపడుతూనే కొత్త పుస్తకం కొన్నాడు, ఎర్ర పెన్నుతో గీతలు పెడుతున్నాడు.

మా స్టాఫ్‌రూములో ఎవరో ట్యాక్స్ మాటెత్తితే నా నోటి నుంచి కూడా "ఓల్డా, న్యూవా?" అని వచ్చింది. ఈ రోగం అంటుకుంటుంది. నాది సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్) బాపతు. దాంట్లో జమైన పైసల్లో 60 శాతం ట్యాక్స్ లేకుండా చేతికొస్తుందని, మిగతా 40తో కొన్న యాన్యుటీ మీద నెలనెలా వచ్చేదానికి ట్యాక్స్ ఉంటుందని పెద్దబాపు నా పేరుతో ఒక కాగితం ఎప్పుడో తయారు చేసి పెట్టాడు.

"నాకింకా బోలెడు సర్వీసుంది పెద్దబాపూ" అన్నాను.

"సర్వీసుంటది బిడ్డా" అన్నాడు, ఎర్ర పెన్ను మూత తీస్తూ. "సెక్షన్లే ఉంటలేవు."