గేరుబాక్సుకు చలవ చేసే చిట్కాలు

ఆటోమేటిక్ కారు కొన్నారా? శుభం. మే ఎండల్లో మనకు మజ్జిగ ఉంది, గేరుబాక్సుకు ఎవరున్నారు? కంపెనీవాళ్ళిచ్చిన పుస్తకాన్ని కవరు చింపకుండా దాచండి, అమ్మేటప్పుడు రేటు పలుకుతుంది. మిగతాది నేను చెబుతాను.

గేరునూనె చాలా కార్లలో రేడియేటరు దగ్గరే చల్లారుతుంది. అంటే గ్రిల్లులోంచి దూరే గాలే దానికి ఆధారం. దిష్టి కూడా అక్కణ్ణుంచే దూరుతుంది కదా! అందుకే ఆయుధపూజనాటి బంతిపూల దండ, దాని కింద నిమ్మకాయలూ పచ్చిమిరపకాయలూ ఏడాది పొడవునా ఉంచండి. ఎండిన రెక్కలు రేడియేటరు సందుల్లో ఇరుక్కుంటే పీకకండి. ప్రసాదం.

తిరుమల ఘాట్‌లో ముందు బస్సు ఆగిందనుకోండి, బ్రేకు తొక్కొద్దు. యాక్సిలరేటరు మీద బొటనవేలు ఆనించి, బండిని ఆ ఏటవాలులోనే గాల్లో దీపంలా నిలబెట్టండి. లోపల నూనె చిలికి చిలికి కాగుతుందంటారు. డ్యూయల్ క్లచ్ బండయితే క్లచ్చే జారుతూ మాడుతుందంటారు. నూనెకు 80, 90 డిగ్రీలు మామూలేననీ, 120 దాటితేనే పాడవుతుందనీ లెక్కలు చెబుతారు. మన లెక్క వేరు. బ్రేకు ప్యాడ్లు వేలల్లో దొరుకుతాయి, గేరుబాక్సు లక్షల్లో. అంత ఖరీదైనది గట్టిగా ఉండదా? మాడు వాసన వస్తే ముందున్న బస్సుదే.

దిగేటప్పుడు న్యూట్రల్. గేరులో ఉంటే ఇంజనుకు పెట్రోలు దానంతటదే ఆగిపోతుందట, న్యూట్రల్‌లోనే తాగుతుందట. తాగనివ్వండి పాపం, అంత కొండ ఎక్కివచ్చింది.

లంబసింగి చలిలో తెల్లారగట్ల నూనె చిక్కబడి ఉంటుంది. నిదానంగా రెండు కిలోమీటర్లు పోనిస్తే అదే పలచబడుతుంది గానీ, అంత ఓపిక ఎవరికుంది? స్టార్ట్ చేయగానే గట్టిగా రేసు ఇచ్చి, రివర్సు నుంచి ఒక్క ఉదుటున డ్రైవ్‌లోకి లాగండి. చన్నీళ్ళ స్నానం ఒంటికి మంచిదే.

నూనె మార్చడమా? దానిమ్మరసంలా ఉన్నది డికాక్షన్‌లా మారిందంటే చిక్కదనం వచ్చిందన్నమాట. ‘లైఫ్‌టైమ్ ఆయిల్’ అన్నారుగా, ఎవరి లైఫో అడక్కండి.

ఇన్ని చేశాక కూడా దారిలో గేరుబాక్సే కొండెక్కితే, ఫ్లాట్‌బెడ్ కోసం కాచుకోకండి. ఇంజను ఆపేసి, నాలుగు చక్రాలూ నేలమీదే ఉంచి, ఏ జీపుకో తాడు కట్టి ఊరిదాకా లాగించండి. ఇంజను తిరగకపోతే లోపల నూనె పంపు తిరగదు, పళ్ళకు నూనె అందదు అని మెకానిక్ నెత్తి కొట్టుకుంటాడు. కొట్టుకోనివ్వండి. నూనె కదలకుండా అడుగున చల్లగా పడుంటుంది.