వయసు అడగరాదు... చట్టం అడిగితే తప్ప!

ఫెడరల్ సర్కారు సొమ్ము తిని నడిచే కార్యక్రమాల్లో వయసు చూసి ఎవర్నీ గెంటేయరాదని అమెరికా 1975లో చట్టం చేసింది. పసివాడైనా పండుముసలైనా దాని ముందు ఒకటే. భేష్!

ఇక మినహాయింపులు చూడండి. వేరే చట్టం ఏదైనా వయసు గీత గీస్తే అది వివక్ష కాదు. ఎన్నికైన నగర కౌన్సిల్ చేసిన శాసనమైనా చాలు. వయసు చూడనిదే కార్యక్రమం సజావుగా నడవదని నిరూపిస్తే అదీ వివక్ష కాదు. ఉద్యోగాల గొడవ చాలావరకు దీని పరిధిలోకే రాదు. దానికి 1967 నాటి చట్టం వేరే ఉంది. అక్కడ రక్షణ కావాలంటే నలభై ఏళ్లు నిండి ఉండాలి. అంటే వయోవివక్షను ఆపే చట్టానికే వయోపరిమితి!

మళ్లీ 1975 చట్టానికొస్తే, ఫిర్యాదుకు 180 రోజుల గడువు. ఆపైన మధ్యవర్తి దగ్గర రాజీ బేరాలు. కోర్టుకెక్కాలన్నా 30 రోజుల ముందు నోటీసివ్వాలి. ఈలోగా ఫిర్యాదుదారుడి వయసు మాత్రం ఏ వాయిదా కోసమూ ఆగదు.

అన్నట్టు, ఈ చట్టాలు చేసే ప్రతినిధుల సభలో అడుగుపెట్టాలంటే 25 ఏళ్లుండాలి, సెనేట్‌కైతే 30. దిగిపోవాల్సిన వయసు మాత్రం రాజ్యాంగంలో ఎక్కడా రాయలేదు. రాస్తే వివక్ష అయిపోదూ!