కాలు ఆనే చోటు

"మా బిడ్డకు ఏది నేర్పిస్తే మంచిది మాస్టర్? కరాటేనా, బాక్సింగా?"

నర్సాపూర్‌లో ఓ రేకుల షెడ్డు కింద పిల్లలకు ఆత్మరక్షణ నేర్పే మా మిత్రుణ్ణి ఈ ప్రశ్న అడగని తండ్రి లేడు. ఆ సాయంత్రం అడిగినాయనకు ఊళ్లో ఎరువుల దుకాణం ఉంది. కూతురు డిగ్రీ మొదటి సంవత్సరం. కాలేజీ గండిమైసమ్మ దగ్గర. వాళ్లతో ఇంకో ఆయన కూడా వచ్చాడు. తండ్రికి చిన్ననాటి దోస్తు, పక్కిల్లు, జీడిమెట్లలో కంపెనీ ఉద్యోగం. అమ్మాయి ఆయన్ని 'కాక' అని పిలుస్తుంది. పొద్దున తన బండి మీద కాలేజీ దగ్గర దించేదీ, సాయంత్రం ఎక్కించుకొచ్చేదీ ఆయనే.

తండ్రి భయం అర్థం లేనిది కాదు. నర్సాపూర్ నుంచి గుమ్మడిదల వైపు పోతుంటే దారి అడవిలోంచి సాగుతుంది. ఆదివారాల్లో హైదరాబాద్ వాళ్లు కార్లు ఆపి ఫొటోలు దిగే ఆ మలుపులే, పొద్దుగూకితే వేరే రకంగా కనిపిస్తాయి. 2019 నవంబరులో శంషాబాద్ టోల్‌గేటు దగ్గర ఓ యువతిపై జరిగిన ఘోరం తర్వాత ఆడపిల్లను బయటికి పంపిన ఏ తండ్రీ ఆమె ఇంటికొచ్చేదాకా కుదురుగా కూర్చోలేకపోతున్నాడు.

"బస్సుల పంపుదామంటే నాకు ధైర్యం చాలదు మాస్టర్," అన్నాడాయన. "ఫ్రీ బస్సు వచ్చినకాడి నుంచి కాలు వెట్ట సందు లేదు. ఆ గుంపుల ఎవడెట్లుంటడో! అందుకే మావోని బండి మీద పంపుతున్న. అయినా రేపు నేను లేనప్పుడు, వాడు లేనప్పుడు, పిల్లకు చేతిల ఏదో ఒక ఇద్దె ఉండాలె గద."

"ఉండాలె," అన్నాడు కాక. "నా మాటినుండ్రి, కరాటే వెట్టుండ్రి. దూరంగ ఉన్నప్పుడే ఒక్క కిక్కిస్తే మల్ల లేవడు. ఫీజు సగం నేనిస్త. క్లాసుకు దించుడు, తెచ్చుడు గూడ నాదే."

మాస్టర్ వెంటనే జవాబు చెప్పలేదు. ఆయన పద్ధతి వేరు. ఏ విద్య గొప్పదన్న చర్చలోకి దిగడు. మీదికొచ్చేది ఎవడు, ఎక్కడ, ఎంత దగ్గర నుంచి అని అడుగుతాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే ప్రశ్న లేదని నా నమ్మకం. ఎందుకంటే ఒక్కో విద్యా ఒక్కో దూరానికి పుట్టింది.

కరాటే, తైక్వాండో మనకూ ఎదుటివాడికీ నడుమ చెయ్యో కాలో చాచేంత జాగా ఉన్నప్పటివి. ఒకినావా కరాటేను ఫునాకోషి అనే గురువు 1922లో టోక్యోలో చూపించాడు. ఇప్పుడు మన మండల కేంద్రాల్లో కూడా తెల్ల డ్రెస్సులు, రంగు బెల్టులు కనిపిస్తున్నాయి. తైక్వాండో 2000 సిడ్నీ ఒలింపిక్స్ నుంచి పతకాల ఆట. పోటీల్లో కాలి దెబ్బలకే ఎక్కువ పాయింట్లు. బాక్సింగ్‌కు ఇంకాస్త దగ్గరికి రావాలి. ముఖం కాచుకోవడం, కాళ్లు కదపడం, ఒక దెబ్బ తగిలినా బుర్ర చెదరకుండా నిలవడం అది నేర్పుతుంది. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్‌గా నిలిచాక, ఆడపిల్లల తండ్రులు బాక్సింగ్ పేరు ఎత్తడానికి జంకడం లేదు. ఇది మనకు దక్కిన పెద్ద లాభం.

అయితే మీద చెయ్యి పడ్డాక, పట్టు బిగిశాక అక్కరకొచ్చేవి జూడో, కుస్తీ. జిగోరో కానో 1882లో మొదలుపెట్టిన జూడోలో ముందు నేర్పేది పడేయడం కాదు, దెబ్బ తగలకుండా పడడం. కుస్తీ మనకు కొత్త కాదు, హైదరాబాద్ పాతబస్తీ తాలీముల్లో ఈనాటికీ మట్టి తవ్వుతున్నారు. నన్నడిగితే కొత్తవాళ్లకు ఈ రెంటిలో ఒకటి ముందు చెబుతాను. గాలిలో గుద్దితే గాలి ఎప్పుడూ ఓడిపోతుంది. పట్టుకున్న మనిషి అలా కాదు, మనం సరిగ్గా చేస్తే తప్ప కదలడు. నేర్చుకునే చోట ఎదుటివాడు నిజంగా బిగించి పట్టుకుంటున్నాడా లేదా అన్నది చూసుకోండి. అది లేకుండా మూడు నెలలకో బెల్టు ఇచ్చే చోట డబ్బు కట్టకండి.

అమ్మాయికి ఇదంతా బొత్తిగా కొత్త కాదు. సర్కారు బడుల్లో ఆరో తరగతి నుంచి ఆడపిల్లలకు సమగ్ర శిక్ష కింద రాణీ లక్ష్మీబాయి పేరుతో మూడు నెలల శిక్షణ ఇస్తారు. తనూ నేర్చుకుంది. గుద్దులు గుర్తున్నాయి కానీ, ఎవరైనా పట్టుకుంటే ఏం చెయ్యాలో గుర్తులేదంది. షెడ్డులోకి వచ్చాక ఆమె నోరు విప్పింది అప్పుడే.

"సరే, అదే చూద్దాం," అని మాస్టర్ ఆమెను చాప మీద నిలబెట్టాడు. "ముందుగాల నిలబడుడు నేర్చుకోవాలె. కాళ్లు భుజాలంత ఎడం. ఒక కాలు కొంచెం ఎనక్కు. మోకాళ్లు బిర్రుగ వద్దు. బలం చేతుల్ల లేదు బిడ్డా, కాలు ఆనినకాడ ఉన్నది. ఏ ఇద్దెకైనా ఇదే మొదలు." తర్వాత కాక వైపు తిరిగి, "మీరు ఈమె చెయ్యి పట్టుకోండ్రి. గట్టిగనే," అన్నాడు.

కాక నవ్వుతూ వచ్చి మణికట్టు పట్టుకున్నాడు.

"ఎంత బలమున్నోడి పట్టుకైనా ఒక సందు ఉంటది," అంటూ మాస్టర్ వేలు పెట్టి చూపించాడు. "బొటనవేలు కొస, మిగిలిన వేళ్ల కొసలు కలిసే తావు ఇది. నీ మణికట్టు సన్నని అంచు అటు తిప్పాలె. చెయ్యి గుంజొద్దు. మోచేతిని నీ కడుపు దిక్కు తెస్తూ ఒక్క అడుగు ఎయ్యాలె. 'వదులు' అని గట్టిగ ఒర్లాలె. ఇడిపిచ్చుకున్నంక కొట్టుకుంట నిలబడొద్దు. ఉరుకాలె."

ఆ అమ్మాయి మణికట్టు తిప్పింది, అడుగేసింది. 'వదులు!' అన్న అరుపుకు రేకులు మోగాయి. కాక రెండడుగులు ముందుకు తూలి గోడ పట్టుకున్నాడు. అవతల సాధన చేస్తున్న పిల్లలు చప్పట్లు కొట్టారు. తండ్రి కళ్లలో నీళ్లు తిరిగాయి. "పాసయినవ్ బిడ్డా!" అన్నాడు కాక చెయ్యి దులుపుకుంటూ.

తండ్రి జేబులోంచి ఫీజు తీశాడు. "ఇంకేమన్న అడిగేది ఉంటే అడుగు బిడ్డా," అన్నాడు మాస్టర్.

"ఒక్కటే మాస్టర్. మీరు చెప్పినయి అన్నిటికి కాళ్లు భూమికి ఆనాలె గద. నడుస్తున్న బండి మీద ఎనుక కూసున్నప్పుడు ఎట్ల?"

"బండి మీద నీకేం భయం బిడ్డా?" తండ్రి నవ్వాడు. "కాక ఉంటడు గద!"

మాస్టర్ నవ్వలేదు. "పక్కపొంటి వచ్చే బండోళ్లా అమ్మా? ఎంబడి వడుతున్నరా?"

"కాదు మాస్టర్. బండి నడిపేటాయన. అడవిల మలుపు కాడ హ్యాండిల్ ఒక్క చేతితోని పట్టుకోని, ఇంకో చెయ్యి ఎనక్కు తెచ్చి నా మోకాలు మీద ఏస్తడు. ఇడిపిచ్చుకుంటే బండి ఊగుతది. దునుకుదామంటే ఎనుక లారీలుంటయ్. వదులు అని రోజు ఒర్లుతనే ఉన్న. హెల్మెట్ల ఇనవడలేదంటడు."

చాప మీది పిల్లలు ఆగిపోయారు. తండ్రి చేతిలో నోట్లు అలాగే ఉన్నాయి. కాక బండి తాళంచెవి కోసం జేబులు తడుముకుంటున్నాడు.

"దానికి ఏ ఇద్దె లేదు బిడ్డా," అన్నాడు మాస్టర్. "బండి దిగాలె."

"నేను గూడ అదే అనుకున్న," అని ఆమె తండ్రి వైపు తిరిగింది. "రేపటి సంది నన్ను బస్సుల పంపు నాన్నా. ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తరు."