న్యాయదేవత ఓటీపీ

బీదలకు ఉచిత న్యాయసహాయ మొసగవలెనని 1976లో రాజ్యాంగమున 39ఎ అధికరణమును చేర్చిరి. 1987లో దానికై చట్టమును చేసిరి. 2017లో పల్లెయందలి సేవాకేంద్రమున తెరముందు కూర్చుండి పట్టణపు వకీలుతో మాటాడుటకు టెలీ-లా అను పథకమును వెలయించిరి. ఇట్టి సాంకేతికవైభవమును నిందింప మేమెంతటివారము!

అయినను, భరణమునకై మొరపెట్టుకొను ఇల్లాలు ఈ సహాయమునకై ఆన్‌లైనులో దరఖాస్తు నింపబోగా, యంత్రము మొట్టమొదట అడుగునది ఆమె గోడు కాదు, ఓటీపీ. అది వచ్చునది ఇంటికంతటికి నొక్కటైన ఫోనునకు. ఆ ఫోను ఉండునది, ఎవనిపై ఆమె దావా వేయదలచినదో ఆ మహానుభావుని జేబులో. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకయే సహాయము చేయవలెనని 1987 నాటి ఆ చట్టపు 12వ సెక్షను ఘోషించుచుండగా, ఆదాయ ధ్రువపత్రము తెమ్మని తహసీలుదారు కచేరీకి త్రిప్పు ఘనులును లేకపోలేదు. (సెక్షనులు చదువుట వకీళ్ల పని గదా!)

ఇక వాయిదాల మాట. పూర్వము వాయిదా పడెనని తెలియుటకు కూలి మానుకొని, బస్సెక్కి కోర్టుకు రావలసియుండెను. ఇప్పుడో, ఈ-కోర్టుల యాప్ పుణ్యమా యని, ఆ వార్త ఇంటనే తెలియుచున్నది. దీనిని పురోగతి కాదనుట దేశద్రోహమే యగును.

ఓటీపీకి నోచుకొననివారు న్యాయసహాయపు నంబరు 15100కు ఫోను చేయవచ్చును. లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు స్వయముగా పోయి తమ బాధను నోటితో చెప్పుకొనవచ్చును. అట్టి నోటిమాటను కూడ అర్జీవలెనే స్వీకరింపవచ్చునని న్యాయసేవలకు సంబంధించిన 2010 నాటి నిబంధనలలో నున్నది.