సచ్చిన సోటుకే మల్లీ

శ్రీకాకుళం జిల్లాలో చూడదగ్గ ప్రదేశాలేవండీ అని ఎవరైనా అడిగితే మేం తడుముకోం. అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం, శాలిహుండం, కళింగపట్నం, తేలినీలాపురం పక్షులు అని ఒక్క గుక్కలో చెప్పేస్తాం. చెప్పినవాడు అందులో సగం కూడా చూసి ఉండడు, అది వేరే సంగతి. ఊరికి దగ్గర్లో ఉన్న గుడికి చుట్టాలొస్తే తప్ప వెళ్ళకూడదని మాకో కట్టుబాటు. ఆ చుట్టాలు రథసప్తమినాడు దిగుతారు, అరసవల్లి క్యూ చూస్తారు, "ఇంకోసారి వద్దాంలెండి" అని భోజనం చేసి వెళ్ళిపోతారు.

నేను సందు సందూ తిరిగిన చోట్లు వేరే ఉన్నాయి. కళ్ళకు గంతలు కట్టి వదిలినా దారి పట్టుకోగలను. అవి మొదట టీవీలో ఉండేవి, తర్వాత కంప్యూటర్లోకి మారాయి, ఇప్పుడు ఫోన్లో కాపురం పెట్టాయి. ఎచ్చెర్లలో మా ఇంటి చాప మీద కూచునే అన్నిటికీ వెళ్ళొచ్చాను. టికెట్టు లేదు, టిఫిన్ క్యారియర్ లేదు.

ఇన్నేళ్ళ యాత్రల్లో నాకో సిద్ధాంతం ఏర్పడింది. గేములో ఒక చోటు అందంగా ఉన్నంత మాత్రాన గుర్తుండదు. రోడ్ రాష్‌లో నాపా వ్యాలీ అని ఒక దారి ఉండేది. కాలిఫోర్నియాలో ద్రాక్షతోటలకు పేరుమోసిన లోయ అట. ద్రాక్షతోటలు ఎవడు చూశాడండీ, పక్కబండివాడి చేతిలో గొలుసు చూశాం గానీ! మనిషికి గుర్తుండేది తాను చచ్చిన చోటు. ఎంత ఎక్కువ చస్తే అంత బాగా గుర్తు.

మొట్టమొదట చచ్చింది మారియోలో. 1985లో జపాన్ వాళ్ళు చేసిన ఆ ఆట మా దాకా వచ్చేసరికి పసుపురంగు క్యాసెట్టు తొడుక్కుంది. క్యాసెట్టు మీద 9999 ఆటలని రాసి ఉంటుంది. లోపల ఉండేవి ఏడో ఎనిమిదో, అవే వేరే వేరే పేర్లతో తిరిగి తిరిగి వస్తాయి. నోటితో ఉఫ్‌మని ఊది పెడితే తప్ప ఆడదు. ఆడిన వెంటనే నీలాకాశం, ఇటుకలు, ఎదురుగా ముఖం చిట్లించుకుని నడిచొచ్చే పుట్టగొడుగు. అది తగిలితే చచ్చినట్టేనని ముందు చెప్పేవాడెవడూ లేడు. ప్రపంచంలో ఎన్ని కోట్లమంది అక్కడ చచ్చారో గానీ, మా వీధిలో మాత్రం అందరూ అక్కడే చచ్చారు. ఆ నేల ఇప్పటికీ కళ్ళముందే ఉంది. మొదటి ప్రశ్నార్థకం డబ్బా తర్వాత ఎన్ని ఇటుకలున్నాయో నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

రెండో ఘట్టం భూమి కింద. అక్కడ పైకప్పు మీదికెక్కి, బయటికి పోయే గొట్టాన్ని దాటి ఇంకా ముందుకు నడిస్తే మూడు గొట్టాలు కనిపిస్తాయి. వాటిలో దూకితే ఏకంగా రెండో, మూడో, నాలుగో లోకంలో తేలొచ్చు. ఈ రహస్యం తెలిసిన పిల్లవాడికి వీధిలో ఆ వేసవంతా ఐసు ఫ్రూట్లు ఫ్రీ.

ఇక కోటలు. ప్రాణాలకు తెగించి నిప్పులు దాటి వెళితే, బొమ్మ తలకాయవాడొకడు నిలబడి, థాంక్స్ బాబూ, నువ్వు వెతికే యువరాణి ఇక్కడ లేదు, వేరే కోటలో ఉంది అంటాడు. ఏడు కోటల్లోనూ అదే మాట. అసలామె ఎనిమిదో కోటలో ఉంటుంది. పెద్దయ్యాక ఒక కాగితం కోసం ఒక ఆఫీసుకి వెళ్ళాను. కిటికీలో ఉన్నాయన తల ఎత్తకుండా "మీ ఫైలు ఈ సెక్షన్లో లేదండీ" అన్నాడు. వెనక నిలబడ్డవాళ్ళంతా గొడవపడ్డారు. నాకు మాత్రం కోపం రాలేదు. మొదటి కోటే కదా అనుకున్నాను.

అయితే మారియోలో చావు మన చేతిలో పని. ఇంకొకడి చేతిలో చావడమంటే ఏమిటో నేర్పింది కాంట్రాలో జలపాతం. ఇద్దరు కలిసి ఆడే ఆట. మొదట అడవి, తర్వాత శత్రువుల స్థావరం, మూడోది జలపాతం. నీళ్ళు కిందికి పడుతుంటే మనం రాయి మీంచి రాయి మీదికి గెంతుతూ పైకి ఎక్కాలి. చూడ్డానికి చల్లగా ఉంటుంది. మెలిక ఎక్కడుందంటే, పైకెక్కినవాడితోపాటు తెర కూడా పైకి జరిగిపోతుంది. కింద మిగిలినవాడి కాళ్ళ కింద రాయి మాయం. తూటా తగల్లేదు, ఎవడూ ముట్టుకోలేదు, వెనకబడ్డందుకే చచ్చాడన్నమాట.

నా పక్కన ఆడేది మా పెద్దబావ. మేనత్త కొడుకు, పుట్టినప్పట్నుంచీ తొందరపాటు మనిషి. తుపాకీ బొమ్మ మీద ఇంగ్లీషు ఎస్ అక్షరం కనబడితే చాలు, అయిదు పాయల్లో కాల్చే ఆ తుపాకీ కోసం జలపాతం మీద గంతులు వేసేవాడు.

"బావా, ఆగు!"

"నువ్వే రారా!"

"రాయి నేదు బావా!"

"సూసుకుని గెంతాల!"

గెంతేలోగా నేను లేను. ఆపైన "ఒక్కడినీ వదిలేసి సచ్చిపోతావేట్రా" అని తిట్లు నాకే. పైన పైన కింద కింద ఎడమ కుడి ఎడమ కుడి బి ఏ అని నొక్కితే ముప్పై ప్రాణాలొస్తాయి. పదమూడో ఎక్కం రానివాడు కూడా ఆ మంత్రం తడబడకుండా జపించేవాడు. నా ముప్పైలో సింహభాగం బావ తొందరకే ఖర్చయింది. ఈమధ్య అందరం కలిసి శాలిహుండం వెళ్ళాం. వంశధార ఒడ్డున కొండ, పైన బౌద్ధస్తూపాలు. కారు దిగీ దిగగానే బావ గబగబా మెట్లెక్కడం మొదలెట్టాడు. పొట్ట వచ్చినా తీరు మారలేదు. నేను నా కాళ్ళ కింది మెట్టు వైపు ఒకసారి చూసుకున్నాను. ఉందో లేదోనని.

తర్వాత నెట్ సెంటర్ల కాలం. శ్రీకాకుళంలో గంటకింతని కట్టి వైస్ సిటీ ఆడేవాళ్ళం. 2002లో వచ్చిన ఆట, కథ జరిగేది 1986లో, ఊరు అమెరికాలోని మయామీకి నకలు. ఆట మొదట్లో తుఫాను హెచ్చరికంటూ వంతెనలు మూసేసి ఉంటాయి. అవతలి దీవికి పోనివ్వరు. తీరా ఆ తుఫాను రాదు. కొంత కథ నడిచాక వంతెనలు తెరుస్తారు, అంతే. కళింగపట్నం రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని వార్తల్లో వినగానే కొవ్వొత్తులూ అగ్గిపెట్టెలూ కొనేసే జిల్లా మాది. 2014లో హుద్‌హుద్ చూశాం, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ చూశాం. ఉద్దానంలో కొబ్బరిచెట్లు ఎలా పడిపోయాయో చూసినవాడికి వైస్ సిటీ వాళ్ళ తుఫాను సెలవు కోసం రాసిన డాక్టరు సర్టిఫికెట్టే.

అంతకంటే పెద్ద వింత, అందులో హీరోకి ఈత రాదు. ఊరి చుట్టూ సముద్రం, ఇల్లు సముద్రం పక్కన, వేసుకున్నది పూలచొక్కా. నీళ్ళలో నడుంలోతు దిగితే చస్తాడు. బుడగట్లపాలెం నుంచి వచ్చే నేస్తం ఒకడు మాతోబాటు కూచునేవాడు. ఎచ్చెర్ల మండలంలో సముద్రం ఒడ్డునున్న ఊరది, వేటకెళ్ళే కుటుంబం వాళ్ళది. హీరో మొదటిసారి మునిగినప్పుడు వాడికి అర్థం కాలేదు. మళ్ళీ దింపాడు. మళ్ళీ మునిగాడు. ఆ రోజు గంట డబ్బులూ వాడివే. ఇంకేం ఆడకుండా అన్ని బీచుల్లోనూ అతన్ని దింపి చూశాడు. చివరికి కుర్చీలోంచి లేస్తూ, "ఈడికి తుపాకీ ఎవుడిచ్చినాడ్రా? ముందల ఈత నేర్పాల" అని తీర్పు చెప్పాడు. ఆ ఆట మీద అంతకు మించిన సమీక్ష నేను చదవలేదు.

డస్ట్ టూ గురించి ఎక్కువ చెప్పను. 2008లో ఎచ్చెర్ల పీజీ సెంటరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ యూనివర్సిటీ అయింది, చుట్టూ అద్దె గదులు పెరిగాయి, గదుల్లో కంప్యూటర్లు, కంప్యూటర్లలో కౌంటర్ స్ట్రైక్. అందులో డేవ్ జాన్‌స్టన్ అనే కుర్రాడు 2001లో చేసిన ఇసుకరంగు ఊరే డస్ట్ టూ. దాని అన్నగారు డస్ట్‌ని ఆయన అప్పటికింకా రాని వేరే ఆట ఫొటోలు చూసి కట్టాడట. పుట్టని ఊరి ఫొటో చూసి ఊరు కట్టాడు, అందులో ప్రపంచమంతా వచ్చి చచ్చింది. నడిమధ్యన రెండు తలుపులుంటాయి, వాటి మధ్య చిన్న సందు. అవతల దూరం తుపాకీవాడు ఆ సందులోకే చూస్తూ కూచుంటాడు. అక్కడ అటునుంచి ఇటు దాటడం ఎచ్చెర్ల దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారి దాటడం లాంటిది. రెండింటికీ ఒకటే పద్ధతి. ఆలోచించకూడదు.

ఇప్పుడు మా అక్క కొడుకు తరం. వీడి ఊరు పోచింకి. పబ్జీ ఆటలో ఎరాంగెల్ అనే దీవి నడుమ ఇళ్ళగుంపు అది. దీవి పొడవు ఎనిమిది కిలోమీటర్లు, వెడల్పు ఎనిమిది. ఆ ఆట సృష్టికర్త బ్రెండన్ గ్రీన్ తన కూతురి పేరు కలిసేలా దీవికి ఆ పేరు పెట్టాడు. మనవాళ్ళయితే కూతురి పేరు రైసు మిల్లుకో కల్యాణ మండపానికో పెడతారు. ఈయన, వందమంది దిగితే తొంభై తొమ్మిదిమంది చచ్చే చోటికి పెట్టాడు.

లాక్‌డౌన్లో వీడు మా ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున్నే హాల్లోంచి కేకలు. "స్కూల్లో దిగకండ్రా, స్కూల్లో దిగితే చస్తాం!" మా అమ్మ కంగారుపడి, బళ్ళు తెరిచేశారా అని నన్నడిగింది. ఇంకోరోజు వాడి పక్కన కూచుని ఓపిగ్గా చూసింది. పోచింకిలో దిగాడు, చచ్చాడు. మళ్ళీ పోచింకి, మళ్ళీ చచ్చాడు.

"సచ్చిన సోటుకే మల్లీ ఎల్తావేట్రా గుంటడా? ఇంకో ఊరు నేదేటి?"

"అక్కడే సామాన్లుంటాయి అమ్మమ్మా."

"మనింట్లో నేని సామాన్లేటున్నాయిరా అక్కడ?"

ఆ చదువు వృథా కాలేదు. ఒక సాయంత్రం మా అమ్మ పెంచే మేక ఇంటికి రాలేదు. అందరం తలో దిక్కూ చూస్తున్నాం. వీడు డాబా ఎక్కి ఒక చుట్టు చుట్టి అరిచాడు. "అమ్మమ్మా, రెండొందల నలభై! చింతచెట్టు వెనకాల! ఒక్కతే ఉంది, ఇంకే టీమూ లేదు!"

"రెండొందల నలభై ఏట్రా, మేక ధరేటి? ఆ డబ్బులకి కోడి కూడా రాదు!"

దిక్సూచిలో అది నైరుతి, అంటే చిలకపాలెం వైపు. నేను వెళ్ళి చూద్దును కదా, చింతచెట్టు వెనకాల మేక తాపీగా నములుతూ నిలబడి ఉంది. పంచాయితీ బోర్డులు, గూగుల్ మ్యాపులు, "ఇలా ఎల్లి అలా తిరిగిపోండి" అని చెయ్యి చూపించే పెద్దలు, వీళ్ళెవరూ మా ఊళ్ళో అంత సరిగ్గా దారి చెప్పగా నేను వినలేదు.

2020 సెప్టెంబరు 2న ఆ ఆటను దేశంలో నిషేధించారు. వాడు రెండు పూటలు సరిగ్గా అన్నం తినలేదు. మరుసటి ఏడాది జూలైలో అదే ఆట కొత్త పేరుతో తిరిగొచ్చింది. ఈసారి రక్తం పచ్చరంగు. చంపడం అనకూడదు, ఫినిష్ అనాలి. పచ్చగా చచ్చినా వాడు దిగేది పోచింకిలోనే.

ఇన్ని ఊళ్ళు ఆటల్లో ఉన్నాయి, మనూరు ఎందుకు లేదని ఒకసారి మా అమ్మే అడిగింది. ఉంది. 2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్లో భూగోళం మొత్తం పెట్టేశారు, అందులో ఎచ్చెర్ల కూడా పడింది. అమెరికాలో ఉన్న మా పిన్ని మనవడి దగ్గర ఆ ఆట ఉంది. సంక్రాంతికి వీడియో కాల్ చేసి విశాఖపట్నంలో చిన్న విమానం ఎక్కించాడు. సముద్రాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని భీమిలి దాటి వస్తుంటే దారి నేనే చెప్పాను. పైడిభీమవరం, రణస్థలం, చిలకపాలెం. హైవే తెలిసింది, యూనివర్సిటీ తెలిసింది. ఇళ్ళు మాత్రం పైనుంచి తీసిన ఫొటోలు చూసి యంత్రం ఊహించుకుని కట్టినవి. మా డాబా ఉండాల్సిన చోట ఏదో ఏటవాలు కప్పు ఇల్లు కట్టి, పక్కన మాకు తెలియని చెట్టొకటి నాటింది. చింతచెట్టు లేదు, మేక ఊసే లేదు.

"మామ్మా, మీ ఇంటి దగ్గర దింపనా?" అన్నాడు వాడు.

ఖాళీగా ఉంది కదా అని హైవే మీద దింపబోయాడు. రెక్క దేనికో తగిలింది, తెర నల్లబడింది. ఎచ్చెర్లలో మొట్టమొదటి విమాన ప్రమాదం, మా గుమ్మానికి ఎదురుగానే. నేను ఏదో అనబోతుంటే మా అమ్మ ఫోను నా చేతిలోంచి లాక్కుంది.

"ఏం పర్లేదు బాబూ, మల్లీ ఎత్తు. ఈపాలి రణస్థలం మీన కొంచెం మెల్లగా రా. మా కన్నోరిల్లు కనిపిస్తాది."