తొందరగా బలపడతాను, నీళ్లు మాత్రం కట్టండి

నేను త్వరగా గట్టిపడే సిమెంటును. నా పుట్టుక పల్నాటి సున్నపురాయిలో ఉంది. మాచర్ల వైపు భూమిలో పొరలు పొరలుగా ఉన్న ఆ రాయిని పేల్చి, నలిపి, బంకమన్ను కలిపి, తిరిగే బట్టీలో దాదాపు 1450 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చారు. నల్లటి ఉండలుగా, క్లింకరుగా బయటికొచ్చాను. మామూలు సిమెంటు నాకు తోబుట్టువే. అయితే నాలో సున్నం పాలు కాస్త పెంచి, ట్రైకాల్షియం సిలికేటు ఎక్కువ పుట్టేలా చూశారు. సిమెంటుకు తొలిరోజుల్లో బలమిచ్చేది అదే. తర్వాత కొంచెం జిప్సం చేర్చి, ఉక్కు గుండ్లు దొర్లే మిల్లులో నన్ను ఇంకా మెత్తగా నూరారు.

ఆ నూరుడుతోనే నా దారి వేరైంది. పటికబెల్లం గడ్డను నీళ్లలో వేస్తే ఎంతకీ కరగదు, పొడికొట్టి వేస్తే చిటికెలో కరుగుతుంది. నా సంగతీ అంతే. నీరు రేణువు పైభాగాన్నుంచే పని మొదలుపెడుతుంది. నా కిలో పొడిలో రేణువుల ఉపరితలమంతా కలిపితే 325 చదరపు మీటర్లకు తగ్గకూడదని ఐఎస్ 8041 ప్రమాణం. మామూలు సిమెంటుకు 225 ఉంటే చాలు. ఇంత మెత్తగా ఉన్నందువల్లే గాలిలో తేమ కూడా నాకు శత్రువు. బస్తాల్ని నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు ఎడంగా పేర్చి, వచ్చినవి వచ్చినట్టు వాడేయాలి.

నన్ను గుంటూరులో ఒక రద్దీ కూడలికి తెచ్చారు. కాంక్రీటు రోడ్డు పగిలి, ఒక పక్క తవ్వి పెట్టారు. రెండో పక్క నుంచి ఆటోలు, లారీలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతున్నాయి. బస్తా విప్పుతూ ఒక కుర్రాడు అడిగాడు: "బాబాయ్, ఇది చప్పున బిగుసుకుపోద్దంట గదా, తట్టలో ఉండగానే రాయైపోతే ఎట్టా?"

"అది వేరే రకంరా. ఇది మామూలు దానిలాగే బిగుసుకుద్ది. బిగిసినాక చూడు దీని బలం," అన్నాడు మేస్త్రీ.

ఆ మాటకు నేను పొంగిపోయాను. చాలామంది ఇక్కడే పొరబడతారు. బిగియడానికి నాకూ మామూలు సిమెంటుకూ ఒకటే లెక్క: 30 నిమిషాల లోపు మొదలు కాకూడదు, 600 నిమిషాలు దాటకూడదు. అందుకే కలపడానికి, పోయడానికి, చదును చేయడానికి సరిపడా వ్యవధి ఉంటుంది. నా తొందరంతా ఆ తర్వాతే. 33 గ్రేడు సిమెంటు 3 రోజులకు అందుకునే బలాన్ని, చదరపు మిల్లీమీటరుకు 16 న్యూటన్లను, నేను ఒక్క రోజుకే అందుకోవాలి. 3 రోజులకు 27.5 చేరాలి. నేడు 53 గ్రేడు కూడా 3 రోజులకు 27 ఇస్తోంది, నేను చేసే పనులు చాలావరకు అదే చేస్తోంది. అయినా మొదటి రోజే బలం కావాల్సిన చోట నన్నే పిలవాలి. ముందుగా పోసి తెచ్చే కాలువ మూతలకు, స్తంభాలకు నాతో అచ్చు త్వరగా ఖాళీ అవుతుంది. సెంట్రింగ్ ముందే విప్పితే దాని అద్దె మిగులుతుంది. చలికి కాంక్రీటు మందగించే ప్రాంతాల్లోనూ నేను పనికొస్తాను.

పోసిన సాయంత్రమే గోనె సంచులు పరిచి, మేస్త్రీ నీళ్లు పట్టించాడు. "తొందరగా గట్టిపడేదేగా, ఇన్ని నీళ్లెందుకు?" అని ఒకాయన విసుక్కున్నాడు. అయ్యా, తొందరగా గట్టిపడేది కాబట్టే! మొదటి రోజే నాలో చర్య జోరుగా సాగుతుంది, అప్పుడే నీరు ఎక్కువ కావాలి. గుంటూరు ఎండకు పైతడి ఆరిపోతే చర్య ఆగుతుంది, పైన నెర్రెలు వస్తాయి. నాతో మిల్లు దిగిన కొన్ని బస్తాలు వేరే చోటికి వెళ్లాయి. అక్కడ నీళ్లు కట్టకుండా బండ్లు వదిలారు. పైపొర పొడిగా రాలిపోయింది. ఆ మాట విన్నప్పుడు నాకు బాధ కలిగింది. ఆ బస్తాల్లో లోపమేమీ లేదు.

నేను వెళ్లకూడని చోట్లూ ఉన్నాయి. ఆనకట్టల్లో పోసే భారీ కాంక్రీటు దిమ్మెల్లోకి నన్ను తేవద్దు. నీటితో కలిసినప్పుడు నాలో పుట్టే వేడి మొదటి రోజుల్లోనే ఒక్కసారిగా బయటపడుతుంది. లోపల ఉడుకుతూ, పైన చల్లబడుతుంటే దిమ్మె చీలిపోతుంది. అక్కడ తక్కువ వేడి పుట్టించే సిమెంటే సరైనది.

ఆ కూడలిలో పరీక్ష కోసం నాతో పాటే పోసిన కాంక్రీటు ఘనాలను 3 రోజులకు యంత్రంలో పెట్టి నొక్కారు. కావాల్సిన బలం వచ్చిందని తేలాక బండ్లను నా మీదికి మళ్లించారు. మొదట ఆటోలు, తర్వాత పాల వ్యాను, ఆ వెనుక ఆర్టీసీ బస్సు వచ్చాయి. ఎదురు కొట్లవాళ్లు అడ్డుపలకలు తీసి గుమ్మాలు కడుక్కున్నారు. మేస్త్రీ మాత్రం నా అంచుల వెంట తడి ఆరనివ్వలేదు. అప్పటికే రెండో పక్క తవ్వడం మొదలైంది, గోడౌను నుంచి మిగిలిన బస్తాలు దిగుతున్నాయి.